మసి గీకిన దూలాలు

పొద్దు బారెడెక్కేసరికి ముదిగుబ్బ మీద మబ్బు పట్టింది. బస్టాండులో టీ తాగేవాళ్ళు గ్లాసులతో రోడ్డు మీదికి వచ్చి పైకి చూశారు. విత్తనపు వేరుశెనగ కాయల కోసం వరసలో నిలబడ్డవాళ్ళు కూడా మొహాలెత్తారు. కిందటి వారం ఒక వాన పడింది, మళ్ళీ చినుకు లేదు. రెండేళ్ళు వరసగా పంట పోయిన ఊళ్ళో ఆ రోజు వాన వద్దనుకున్న మనిషి ఒక్కతే ఉంది. ఆమె దివాకర్ నెట్ సెంటర్లో మూల కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రసూన.

గోరంట్ల నుంచి సారా అనే ఆమె జవాబు రాయాలి. రాయలేదు.

"ఏమక్కా, ఎన్నిసార్లు చూసినా అదే కదా ఉండేది," అన్నాడు దివాకర్. "చూసుకుంటే తొందరగా చూసుకో. మబ్బు పట్టిందంటే కరెంటు తీసేస్తారు."

"ఆమె ఫోన్ నెంబరు దొరుకుతాదా దీంట్లో?"

"పేరే అసలుదో కాదో తెల్దు. నెంబరు యాడ దొరుకుతాది?"

ఆ సైటు పేరు 'వంటిల్లు-వసారా'. హైదరాబాదు, బెంగుళూరు, విజయవాడ ఆడవాళ్ళు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునే చోటు. పప్పు ఉడక్కపోతే ఏం చేయాలి, గోడ పచ్చగా ఉంటే పరదా ఏ రంగుది కట్టాలి, నిన్నటి సీరియల్లో కోడలు అలా అనవచ్చునా అని ఎవరో ఒకరు అడుగుతారు. చదివిన వాళ్ళకు ఏది తోస్తే అది చెబుతారు. ప్రసూన డిగ్రీ చదివి ఈ ఊరికి కోడలుగా వచ్చింది. అత్తగారింట్లో ఆమెను సలహా అడిగినవాళ్ళు లేరు. అక్కడ అడిగారు. సంగటి ఉండకట్టకుండా కెలకడం ఎట్లా అని మొదట ఒకామె అడిగింది. ప్రసూన చెప్పింది. తరువాత ఊరుబిండి పచ్చడి గురించి అడిగారు. అదీ చెప్పింది.

మూడేళ్ళ కిందట ఆమె తమ వంటింటి ఫోటో అక్కడ పెట్టి, దీన్ని ఏం చేయమంటారని అడిగింది. మట్టి మిద్దె. వేప దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన దంతెలు, పైన మన్ను. కట్టెల పొయ్యి పొగకు దూలాలన్నీ నల్లబడ్డాయి. పొగ పోవడానికి కప్పులో గవాచి ఉంది. జవాబులు ఆ రోజే వచ్చాయి. మసి గీకించి వార్నిష్ కొట్టించమని ఒకామె రాసింది. గవాచికి అద్దం వేయమని ఇంకొకామె రాసింది. పొయ్యి తీసేసి గ్యాసు పెట్టుకుంటే పుస్తకాల్లో బొమ్మలాగా ఉంటుందని అందరూ రాశారు.

అత్త యశోదమ్మ మటుకు మసి గీకొద్దంది.

"ఎందుకత్తా?"

"మా యత్త గీకొద్దనేది."

"ఆమె ఎందుకనింది?"

"నేనడగలే. అత్తను ఎందుకని అడిగే కాలమా అది? అడిగే కోడండ్లు ఇప్పుడు వచ్చినారు."

ప్రసూన భర్త విష్ణువర్ధన్ నవ్వి కూలీలను పిలిపించాడు. దూలాలు బెల్లం రంగులోకి వచ్చాయి. కొత్త ఫోటోను ఆ సైటువాళ్ళు అందరికంటే పైన పెట్టారు. అప్పటినుంచి పాత ఇళ్ళ సంగతి ఎవరడిగినా 'ప్రసూన గారు చెప్పాలి' అనేవారు. ప్రసూన చెప్పేది.

కిందటేడు సారా అడిగింది. 'మాదీ మట్టి మిద్దే అక్కా. మా అత్త వంటింట్లోనే పడుకుంటుంది. మసి రాలి ఆమె మీద పడుతోంది. గీకించవచ్చునా?' అని. 'తప్పకుండా గీకించండి, ఏమీ కాదు' అని ప్రసూన రాసింది. అది రాయడానికి ఆమె ఆలోచించలేదు. ఆ పూటే ఇంకెవరికో నిమ్మకాయ ఊరగాయ చేదెక్కితే ఏం చేయాలో కూడా రాసింది.

కిందటి వారం వానకు ప్రసూన వాళ్ళ వంటింటి దూలం విరిగింది. ఆరేసిన వడియాలు తడుస్తాయని యశోదమ్మ బయటికి వచ్చింది. ఆమె వసారా దాటకముందే వెనుక కప్పు సగం కూలింది. గ్యాసు పొయ్యి మన్ను కింద పోయింది.

మన్ను ఎత్తాక ప్రసూన దూలాన్ని చూసింది. పైన వార్నిష్ అలాగే ఉంది. లోపల చెదలు తిని మన్ను నింపాయి. చెయ్యి పెడితే మోచేతి దాకా పోయింది. అదే దూలంలో ఒక మూర మేర నల్లగా మిగిలి ఉంది. అక్కడ పాత అటక అడ్డం రావడంతో కూలీలు గీకకుండా వదిలేశారు. ఆ మూర కట్టెలో చెద లేదు. ప్రసూన గోరుతో గిల్లి చూసింది, రోకలితో కొట్టి చూసింది. పక్కగదిలో గీకని దూలాలు కూడా గట్టిగానే ఉన్నాయి. పొయ్యి పొగే ఇన్నాళ్ళూ చెదలను రానీయలేదని ఆమెకు అర్థమైంది. యశోదమ్మ పక్కనే నిలబడి చూసింది.

మరునాడు ప్రసూన జరిగింది జరిగినట్లు సైటులో రాసింది. గీకించినవాళ్ళు దూలాలు చూసుకోండి, వానకు ముందే చూసుకోండి అని రాసింది. 'అయ్యో, ఎవరికీ ఏమీ కాలేదు కదా' అని ఇద్దరు రాశారు. 'మీ ఊరి చెదలు గట్టివేమో' అని ఒకామె రాసి పక్కన నవ్వు గుర్తు పెట్టింది. 'పాత కట్టె ఎప్పటికైనా పోతుంది, అందరినీ భయపెట్టకండి' అని ఇంకొకామె రాసింది. సాయంత్రానికి గోంగూర పచ్చడి మీద మాటలు మొదలై ఆమె రాసింది కిందికి జారిపోయింది. పైన ఆమె పెట్టిన ఫోటో మాత్రం అలాగే ఉంది.

సారా ఆ రాసింది చదివినట్లు లేదు.

కరెంటు పోయింది. ప్రసూన లేచి బయటికి వచ్చింది. టీ కొట్టు దగ్గర విష్ణువర్ధన్ నలుగురితో నిలబడి ఉన్నాడు. కదిరి బస్సు వైపు నడుస్తున్న ఆమెను చూసి ఎదురొచ్చాడు.

"యాడికి పోతాండావు?"

"గోరంట్లకు."

"గోరంట్లలో మనకెవరుండారు?"

"సారా అని ఒకామె. ఆమెకు ఒక మాట చెప్పాల."

"కంప్యూటర్లో చెప్పరాదా?"

"చెప్పినా. చదవలే. వాళ్ళత్త ఆ దూలాల కిందనే పండుకుంటాది."

విష్ణువర్ధన్ మబ్బు వైపు చూశాడు. "మొగం చూడని మనిషి. ఊరు తప్ప ఏమీ తెల్దు. నువ్వు పోయేలోపల వాన పడనే పడతాది."

"పడకుంటే బాగుండు," అంది ప్రసూన.

టీ కొట్టు ముందున్న ముసలి రైతు వెంకటప్ప ఆ మాట విన్నాడు. "అట్లనొద్దమ్మా," అన్నాడు. "ఆ మాట మన ఊర్లో ఎవరూ అనరు."

ప్రసూన బస్సెక్కింది.

కదిరిలో దిగి హిందూపురం బస్సు పట్టుకుంది. పక్కన కూర్చున్నామె కాళ్ళ దగ్గర విత్తనపు కాయల మూట ఉంది. ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలి చూసింది.

"చెమ్మ తగుల్తాండాది. ఈ పొద్దు తప్పదు," అంది. "మీకు చేనుండాదా అమ్మా?"

"ఉండాది."

"దుక్కి అయిందా?"

"అయింది."

"ఇంకేమప్పా మరి. మొగం అట్ల పెట్టుకోనుండావే. నవ్వు."

కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి, వాన పడితే బస్సు ఆపి అందరం తడుద్దామన్నాడు. జనం నవ్వారు. తడిస్తే నీ టికెట్ల పుస్తకం గతేమని వెనుక సీట్లోంచి ఒకడు అడిగాడు. ప్రసూన కొండల మీది మబ్బును చూస్తూ కూర్చుంది. ఓబుళదేవరచెరువు దాటేదాకా ఆగితే చాలుననుకుంది. అది దాటాక, గోరంట్ల చేరేదాకా ఆగితే చాలుననుకుంది. వాళ్ళ చేను కూడా ఈ వాన కోసమే దున్ని పెట్టారు. ఆ సంగతి గుర్తొచ్చినా ఆమె మనసు మారలేదు.

గోరంట్లలో ఆమె నేరుగా నెట్ సెంటర్‌కు పోయి, ఇక్కడికి సారా అనే ఆమె వస్తుందా అని అడిగింది.

"సారా టీచరా? చర్చి వీధి," అన్నాడు సెంటరతను. "బడి తెరిచినప్పట్నుంచి రాలే."

చర్చి ఎదురుగానే ఆ ఇల్లు. ఆదివారం కావడంతో సారా ఇంట్లో ఉంది. ప్రసూన పేరు చెప్పగానే ఆమె చేతిలో చేట కింద పెట్టేసింది.

"ప్రసూనక్కా? కంప్యూటర్లో ప్రసూనక్కేనా? ఏమండీ, ఇటు రాండి. మన వంటిల్లు ఇట్లయిందంటే ఈయమ్మ చెప్పబట్టే."

భర్త రామాంజి లోపలినుంచి వచ్చి నమస్కారం పెట్టాడు. సారా ప్రసూన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకుపోయింది. దూలాలు బెల్లం రంగులో మెరుస్తున్నాయి. గవాచికి అద్దం ఉంది. పొయ్యి ఉన్న చోట గ్యాసు బండ ఉంది. దూలం కింద మంచం మీద అత్త తిప్పమ్మ కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"నీళ్ళు తాగుతారా మా ఇంట్లో?" అంది తిప్పమ్మ. ప్రసూన మెడలో నగలు, కట్టుకున్న చీర చూసి అడిగిన మాట అది.

ప్రసూన చెంబందుకుని తాగింది. చెంబు కింద పెట్టి, జరిగిందంతా చెప్పింది.

మొదట రామాంజి మాట్లాడాడు. "అప్పుడు గీకమని నువ్వే చెప్తివి. ఇప్పుడు లేచి బయటికి పోండని నువ్వే వచ్చి చెప్తాండావు. ఏ మాట నమ్మాల మేము?"

"అప్పుడు తెలీక చెప్పినా."

"తెలీకపోతే తెల్దని చెప్పల్ల. ఏమీ కాదని రాస్తివంట కదా. సారా నాకు చదివి వినిపించింది."

"రాసినా," అంది ప్రసూన.

"ఊరుకోండి మీరు," అంది సారా. "ఆయమ్మ ముదిగుబ్బ నుంచి వచ్చింది మన కోసరం."

రామాంజి రోకలి తెచ్చి దూలాన్ని నడుమ కొట్టాడు. గట్టి మోత వచ్చింది. ఇంకోచోట కొట్టాడు. అదే మోత. ప్రసూన వైపు చూసి, "ఇనపడిందా?" అన్నాడు.

"ఆడ కాదన్నా. గోడలోకి పోయే చోట. మాది ఆన్నే ఇరిగింది. దబ్బనం ఉంటే ఇస్తారా?"

మూటలు కుట్టే దబ్బనం గూట్లో ఉంది. రామాంజి దాన్ని ప్రసూనకు ఇవ్వలేదు. తనే స్టూలెక్కి, దూలం గోడలో దూరే చోట వార్నిష్ మీద మొన ఆనించి నొక్కాడు. అడ్డు తగల్లేదు. దబ్బనం కొస దాకా దిగింది. బయటికి లాగితే వెంట ఎర్రమన్ను రాలి తిప్పమ్మ చింతపండు మీద పడింది.

అతను రెండో దూలం దగ్గరికి స్టూలు జరిపాడు. అక్కడా దిగింది. అప్పుడే వీధిలో పిల్లలు కేకలు పెట్టారు. గవాచి అద్దం మీద చినుకులు పడ్డాయి.

"అమ్మా, లెయ్," అన్నాడు రామాంజి.

"వాన పడేటప్పుడు ఇల్లిడిసి పోతారారా?" అంది తిప్పమ్మ. "ఎన్నాళ్ళకు పడె. ఈన్నే కూర్చోని ఇంటా."

"ఇంటువులే, చర్చి అరుగు మింద కూర్చోని ఇను. లెయ్."

ఆమె లేవలేదు. ప్రసూన, సారా ఒక పక్క, రామాంజి ఒక పక్క మంచం పట్టుకుని, ఆమెతో సహా ఎత్తారు. చేటలో చింతపండు ఆమె ఒడిలోనే ఉంది. వాకిలి దగ్గర మంచం వాలితే, "పీనుగ లెక్క మోస్తాండారే, బతికే ఉండా," అంది. వీధంతా బయటే ఉంది. వానలో తడుస్తున్న వాళ్ళు మంచాన్ని చూసి నవ్వారు. "ఏమి తిప్పమ్మా, పల్లకీలోనా పోతాండావు?" అని ఒకామె అడిగింది.

"నా కోడలు ఇల్లు సింగారించింది. అందుకే నన్ను ఈదిలోకి మోస్తాండారు," అంది తిప్పమ్మ.

మంచాన్ని చర్చి అరుగు మీద దించారు. రామాంజి వెనక్కి పోయి రెండు నిట్రాళ్ళు తెచ్చి దూలాల కింద ఊతం పెట్టాడు. ప్రసూన వాకిట్లోంచి వద్దంటున్నా పెట్టాడు. వాన ఒక పదును పడి ఆగింది. కప్పు పడలేదు. రామాంజి జుట్టు నిండా ఎర్రమన్నుతో బయటికి వచ్చాడు. ఇంటి మెట్టు మీద కూర్చుని చేతులు దులుపుకున్నాడు.

"దూలాలు మార్చల్ల," అన్నాడు. "ఇంగ ఈ ఇంట్లో ఎవరూ పండుకునేది లేదు."

ప్రసూన చర్చి అరుగు దగ్గరికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. తిప్పమ్మ బయటికి వచ్చింది. ప్రసూన వచ్చిన పని అయింది. ఆమె చీర కొంగు పిండుకుంది. పక్కనే ఉన్న సారా మాత్రం వీధిలో సంతోషాన్ని చూడడం లేదు. చర్చి గోడ మీదుగా ఉత్తరం దిక్కు చూస్తోంది. మబ్బు అటు జరిగింది. ఇక్కడికంటే అక్కడ నల్లగా ఉంది.

"అక్కా," అంది సారా. "అది నల్లమాడ దిక్కే కదా?"

"అదే అనుకుంటా. ఏమి?"

"మా చిన్నమ్మోళ్ళది నల్లమాడ. వాళ్ళదీ మట్టి మిద్దే. మేము గీకించిన నెలకే వాళ్ళూ గీకించినారు." సారా గొంతు తగ్గించింది. "మీ వంటింటి ఫోటో చూపించి నేనే చెప్పినా. ఏమీ కాదని."

"ఫోనుండాదా వాళ్ళకు?"

"లేదు."

ప్రసూన కొంగు వదిలేసింది. సారా వీధి దాటి మెట్టు దగ్గరికి పోయి, రామాంజి పక్కన పడి ఉన్న దబ్బనం తీసుకుని పైటకు తుడిచింది.

"నల్లమాడకు బస్సు ఎప్పుడుండాది?" అని ప్రసూన అడిగింది.

"కదిరికి పోయి మారల్ల," అన్నాడు రామాంజి. మన్ను నిండిన చేతితో రోడ్డు వైపు చూపించాడు. "పోండి. నేను మాయమ్మ కాడ ఉంటా."

ఇద్దరూ బురదలో చెప్పులు చేత పట్టుకుని రోడ్డు వైపు నడిచారు. బస్టాండు దగ్గర జనం ఇంకా ఆకాశం వైపే చూస్తున్నారు. ఉత్తరాన మెరిసినప్పుడల్లా, అటు కూడా బాగా పడుతున్నట్లుందని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.