గిన్నె బొమ్మ

కసిమిరా కత్తి తిరగేసి చేప పొలుసు గీకుతూనే ఉంది. అల్వరాదో రేవు బజారులో ముప్పయ్యేళ్ళుగా ఆమె పని అదే. మోచేతుల దాకా పొలుసులు అంటుకుని మెరుస్తున్నాయి. గొంతు మీది కణితి కనబడకుండా రుమాలు చుట్టుకుంది. రేపే ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆమెదే రాజ్యం. లోతెరీయా ఆటలో బొమ్మముక్క తీసి, పేరు చెప్పకుండా ఓ చమత్కారం విసురుతుంది. అదేమిటో పట్టుకుని జనం తమ పలక మీద మొక్కజొన్న గింజ పెట్టుకోవాలి. పలక నిండినవాళ్ళు "లోతెరీయా" అని అరిస్తే గెలిచినట్టు. ఆ నోటికి జడిసి ఫాదర్ గారు కూడా వెనక బెంచీలోనే కూర్చుంటారు.

ఇవాళ ఆమెకున్న కోరిక ఒక్కటే. అక్కచెల్లెళ్ళు ఒబ్దూలియా, రుఫీనా కలవాలి. చెల్లెలు అరువు తీసుకున్న గిన్నెకు చిల్లు పడిందని నాలుగేళ్ళుగా మాటల్లేవు. చెరో మూల కూర్చుంటారు, ఎప్పుడూ అవే పలకలతో. రెండింట్లోనూ గిన్నె బొమ్మ ఉంది. అందుకే జన్మలో మొదటిసారి కసిమిరా, ఇద్దరికీ చివరికి అదే మిగిలేలా, పొద్దున్నే ముక్కలు దొంగతనంగా పేర్చి పెట్టుకుంది.

"ఇంటి దారి తప్ప ఊళ్ళో దారులన్నీ తెలిసినోడు!"

"తాగుబోతు!" బజారంతా అరిచింది.

"పెళ్ళాం మీద అరవలేక సూర్యుడి మీద అరిచే మగాడు!"

"కోడిపుంజు!"

గొంతు భగభగ మండుతోంది. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒక్కో గడి మిగిలింది. కసిమిరా గిన్నె బొమ్మ తీసింది. ఇది బెడిసికొడితే ఇక వాళ్ళు కలవరు.

"తీసుకెళ్ళేటప్పుడు అక్కది, తిరిగిచ్చేటప్పుడు చిల్లుది!"

జనం ఆ మూలకీ ఈ మూలకీ తలలు తిప్పారు. తర్వాత రెండు మూలల నుంచి ఒకేసారి రెండు కేకలు. "లోతెరీయా!"

ఇద్దరు గెలిస్తే ఒకరి పలక ఒకరు పైకి చదవాలి. అక్కడి కట్టుబాటు అది. ఒబ్దూలియా ముటముటలాడుతూ వచ్చి చెల్లెలి పలక అందుకుంది. పదిహేను బొమ్మలు గబగబా చదివి, పదహారో దాని దగ్గర ఆగిపోయింది.

"చదువక్కా," అంది రుఫీనా.

"ఇది చిల్లుది కాదు కదే?"

"ఇంకా నా చేతికి రాలేదుగా. వస్తే పడుద్ది!"

ఒబ్దూలియా పగలబడి నవ్వింది. నవ్వుతూనే చెల్లెలి మీద పడి ఏడ్చింది. బజారు బజారంతా బల్లలు చరిచింది. గెలిచింది మాత్రం కసిమిరానే, ఆ సంగతి ఆమెకు తెలుసు.

"వచ్చేవారం ఇంతకన్నా ఘాటుగా ఉండాలమ్మోయ్!" ఎవరో కేకేశారు.

ఆమె తలూపింది. ఆ నవ్వులు సాగుతుండగానే సంచీ భుజాన వేసుకుని ఆసుపత్రికి వెళ్ళే ఐదు గంటల బస్సెక్కింది.

ఆమె కూర్చున్న ముక్కాలిపీట మీద ముక్కల కట్ట ఉండిపోయింది. పైన గిన్నె బొమ్మ, దాని మీద ఆమె పెట్టిన ఒకే ఒక మొక్కజొన్న గింజ.