ఒక వైపు తోమిన కత్తి

నా భార్య హేమమాలిని సంవత్సరికం రోజున ఆమె కత్తి పోయింది.

మా ఇళ్లలో కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు. ఇస్తే ఆ ఇద్దరికీ పడదంటారు. కింద పెట్టాలి, అవతలివాళ్లు తీసుకోవాలి. ఆ రోజు అరటి ఆకుల కొసలు కోయడానికి నా బావమరిది సుందరమూర్తి కత్తి అడిగాడు. ఇంట్లో కత్తులన్నీ వంటవాళ్ల దగ్గర ఉన్నాయి. నేను జేబులో నుంచి హేమ మడత కత్తి తీసి అరుగు మీద పెట్టి, కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాను. అప్పుడే అతడికి సేదరపేట్ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ అతడు సూపర్‌వైజరు. ఏదో మిషను ఆగిపోయిందట. దాన్ని తిడుతూ వీధి చివరి దాకా నడిచి వచ్చేసరికి, ఆకులు ఇంకెవరో కోసేశారు. భోజనాలయ్యాయి. అరుగు మీద కత్తి లేదు.

"నేను పెట్టాను గదా," అన్నాను.

"నేను ఎత్తుకోలేదే, బావా," అన్నాడు సుందరమూర్తి.

కింద పెట్టిన క్షణం నుంచి అది నా బాధ్యత కాదు. అతడు తీసుకోలేదు గనుక అతడి బాధ్యతా కాదు. ఈ విషయం మేమిద్దరం సాయంత్రం దాకా చర్చించాం. మా అత్త తిలకవతి తాంబూలాల పళ్లెం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ అంతా విన్నది.

"ఒకడు పెట్టినాడంట, ఇంగొకడు ఎత్తుకోలేదంట. నడాన కత్తి సన్యాసం పుచ్చుకోని పోయిందా?" అంది.

అది హేమ తాతది. ఆయన ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన సొల్దా. మా ఊళ్లో ఆ సిపాయిలను ఇప్పటికీ అలాగే అంటారు. కొమ్ము పిడి, ఒక బ్లేడు, వెనక మెలికలు తిరిగిన ఇనుప పుల్ల. ఆ పుల్ల సారా సీసాల బిరడాలు లాగడానికని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కొబ్బరికాయ కన్ను పొడవడానికి దొరలు చేయించారని మా అత్త చెబుతుంది. హేమ దానితో గ్యాస్ స్టవ్ రంధ్రాలు పొడిచేది.

బ్లేడుతో పచ్చిమామిడి కోసేది. బీచి రోడ్డు మీద గట్టున కూర్చుని, కాయను ఒళ్లో పెట్టుకుని, ముక్కకొకసారి బ్లేడును కొంగుకు తుడిచేది. సరిగ్గా తుడిచేది కాదు. ఆ పులుపుకు బ్లేడు ఒక వైపు నల్లటి మచ్చ పడింది. నేను సోషల్ మాస్టర్ని. అది శ్రీలంక పటం అనేవాడిని. ఆమె జామకాయ అనేది. మా కాపురంలో తేలని తగవు అదొక్కటే.

కత్తులు ఎన్నైనా దొరుకుతాయి. నాకు కావలసింది ఆ మచ్చ.

కోసిన ఆకు ముక్కలను గోనెసంచిలో వేసి పట్టమ్మాళ్ అనే ఆవిడ తన మేకలకు తీసుకుపోయిందని రెండు రోజుల తర్వాత తెలిసింది. కత్తీ వాటితోపాటే పోయి ఉంటుందనుకున్నాం. ఆమెది కిరుమాంబాక్కం. నేనూ సుందరమూర్తీ స్కూటరు మీద వెళ్లాం. దారి పొడుగునా ఒకటే నిశ్చయం. కత్తి సంగతి ఎత్తకూడదు.

అది హేమ పెట్టిన నియమం. కావలసినదాన్ని చూడకూడదు, దాని పక్కదాన్ని చూడాలి. కంట్లో ఆశ కనబడిందా, ధర పెరిగిపోతుంది. వంకాయలు కొన్నా, చీరలు కొన్నా ఆమెది ఇదే పద్ధతి. మా పెళ్లిచూపుల్లో ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా పక్కన కూర్చున్న మా చిన్నాన్నను చూసింది. ఆయన చాలా రోజులు కంగారు పడ్డాడు.

"ఏం కావాలప్పా?" అంది పట్టమ్మాళ్.

"మేకలు చూస్తామని వచ్చినాము," అన్నాడు సుందరమూర్తి.

అతడు మేకలను చూశాడు. నేను పేడకుప్పను చూశాను.

"ఏ మేక?"

సుందరమూర్తి ఒకదాన్ని చూపించాడు. ఆమె దాని నోరు తెరిచి పళ్లు చూపించింది. నేను కర్ర తీసుకుని పేడకుప్పను కొంచెం కదిపాను.

"ఆ అయ్య ఏంది, పేడను కెలకతాండాడు?"

"వాద్యారు," అన్నాడు సుందరమూర్తి. మాస్టరు గనుక అలా చేస్తాడన్నట్టు. ఆమెకు ఆ జవాబు సరిపోయింది.

వట్టి చేతులతో లేవడం మర్యాద కాదు గనుక మేకపాలు కొనుక్కుని వచ్చాం. ఎవరూ తాగలేదు.

"అత్తరు కోసం పంపితే పెంట తెచ్చే జాతి మీది," అంది అత్త.

మా ఊళ్లో పోయిన వస్తువు ఏదైనా ఎప్పటికో ఒకప్పటికి గాంధీ వీధి ఆదివారం సంతలో తేలుతుందని పేరు. అందుకని ఆదివారాలు అక్కడికి వెళ్లడం మొదలుపెట్టాను. బట్టల అంగళ్లు దాటాక మునుసామి పట్ట పరుచుకుని కూర్చుంటాడు. ఇంతకుముందు మిల్లు కార్మికుడు, మిల్లు మూతపడ్డాక పాత సామాన్ల వ్యాపారి. అతడి పట్ట మీద తాళంచెవి లేని తాళాలు, జత పోయిన చక్రాల బూటు, కళ్లు పోయిన బొమ్మలు, వాటి మధ్య తుప్పు పట్టిన మడత కత్తులు ఉండేవి.

అసలు సంగతి అడగకుండా కత్తులు వెతకాలంటే ఏదో ఒక కత్తి కొనక తప్పదు. మొదటి వారం చెక్క పిడిది కొన్నాను. దాని మెడకు బ్లేడును బిగించే ఇనుప కట్టు ఉంది, తుప్పుకు తిరగదు. తర్వాత అంటు కట్టేవాళ్లు వాడే వంకర కత్తి. ఆ తర్వాత పిడి మీద ఓడ బొమ్మ ఉన్నది. ఎవరికీ అక్కరలేనివి గనుక చవకగానే వచ్చేవి. నేను అతడి మొహం చూడకుండా సగానికి అడిగేవాడిని. అతడు ఆకాశం చూసి ఇచ్చేసేవాడు.

కొన్నవాటిని తుప్పుతో ఉంచడానికి మనసు ఒప్పలేదు. కీలు పట్టేసినదాన్ని రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టేవాడిని. పొద్దున్నే బలవంతం చేయకుండా, కొంచెం కొంచెంగా తెరవాలి. తుప్పు మీద చింతపండు గుజ్జు పట్టించి, బూడిదతో తోమి, సన్నటి ఉప్పు కాగితం, అదే గరుకు కాగితం, నూనెలో ముంచి ఒకే దిక్కుకు రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే గీతలు పడతాయి. చివర సానరాయి, ఆ తర్వాత కీలులో ఒక చుక్క కొబ్బరినూనె. బడి నుంచి వచ్చాక పొద్దు గడిచేది. వంటింట్లో చింతపండు మిగిలేది కాదు.

"చారులో పులుపు లేదేంది అని అడగొద్దు. కత్తులు తాగినాయి," అనేది అత్త. ఇంటికి ఎవరైనా వస్తే, "మా అల్లుడు కసాయి అంగడి పెడతాండాడు. మాంసం ఇంగా రాలేదు," అని పరిచయం చేసేది. అయినా సాయంత్రాలు తన పీట నా పక్కకే లాక్కుని కూర్చునేది. బూడిద జల్లెడ పట్టేది ఆమే.

అంతా సాఫీగానే ఉండేది, నేను ఒక పని చేయకుండా ఉంటే. ఓడ బొమ్మ కత్తి బాగా కుదిరింది. ఎవరికైనా చూపించాలనిపించింది. తీసుకెళ్లి మునుసామికే చూపించాను.

"ఏంది వాద్యారే, ఇది నేనిచ్చిందేనా?" అని అతడు బ్లేడులో తన మీసం చూసుకున్నాడు.

ఎలా చేశావని అడిగాడు. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినవాడిని ఆ మాట అడగకూడదు. కిరసనాయిలు మొదలు కొబ్బరినూనె దాకా మొత్తం చెప్పాను. మధ్యలో ప్రశ్నలు కూడా వేశాను.

తర్వాతి ఆదివారం పట్ట మొత్తం మెరుస్తోంది. మునుసామి చెవి వెనక, బీడీ ఉండే చోట, ఉప్పు కాగితం చుట్ట ఉంది. కనబడినదాన్నల్లా తోమేశాడు. టైంపీసు ముఖం తోమితే అంకెలు పోయాయి.

"ఇప్పుడు టైము ఎట్లా చూసేది?" అన్నాను.

"శుభ్రంగా ఉండాది గదా!" అన్నాడు.

ఆ రోజు ఇంటికి నడుస్తుంటే అసలు సంగతి తట్టింది. హేమ కత్తి ఎప్పటికైనా ఆ పట్ట మీదికి వస్తే, మచ్చతో రాదు. ఆ విద్య నేర్పినవాడిని నేనే. అతడికి ముందే చెప్పి ఉంచవచ్చు. కానీ నియమం ఉంది.

సుందరమూర్తికి చెప్పాను. అతడు అప్పటి నుంచి ఆదివారం ఓవర్‌టైం మానేసి నాతో రావడం మొదలుపెట్టాడు. ఉప్పు కాగితం కన్నా ముందు పట్ట దగ్గరికి చేరాలని మా ప్రయత్నం.

ఆడి నెల, అంటే ఆషాఢం, తగ్గింపు ధరల రోజులు. వీధంతా జనం. మేము చేరేసరికి మునుసామి మూటలోంచి సామాను తీసి పరుస్తున్నాడు. కొమ్ము పిడి, మెలికల పుల్ల. మడిచి ఉంది. దాని పక్కన రబ్బరు బుడ్డి ఉన్న పాత రిక్షా హారన్ ఉంది.

సుందరమూర్తి నా మోచేయి గిల్లాడు. "బావా, అది అక్కది."

"తెలుసు. హారన్ను చూడు."

"నన్ను యాడ చూడమంటాండావు?"

"హారన్ను."

ఇద్దరం హారన్ను చూశాం.

"కన్ను పడిందా వాద్యారే?" అన్నాడు మునుసామి. "దొరగారి కారుది."

"ఇది రిక్షాది," అన్నాను.

"దొరగారి రిక్షాది."

నేను హారన్ చేతిలోకి తీసుకుని, రబ్బరు ఎండిపోయిందన్నాను. ఇత్తడి చూడమన్నాడు. సగానికి అడిగాను. ఇద్దరు పెద్దమనుషులు రెప్ప వేయకుండా చూస్తున్న వస్తువును సగానికి ఎలా ఇస్తానని అతడు ధర పెంచాడు. మాటల్లో ఉండగా అతడి ఎడమ చేయి ఊరికే ఉండలేక పక్కనున్న కత్తిని అందుకుంది. గోటితో బ్లేడు తెరిచాడు. కుడి చేయి చెవి వెనక్కి వెళ్లింది.

"హారన్లు ఇప్పుడు యాడ దొరకతాయి?" అంటూ రుద్దడం మొదలుపెట్టాడు. ఒకే దిక్కుకు. నేను చెప్పినట్టే.

మచ్చ లేని వైపు అది. తొందరగా బేరం ముగించాలని ధర పెంచాను. బేరంలో నేను ధర పెంచడం అతడు ఎన్నడూ చూడలేదు. అనుమానం వచ్చి, హారన్ ఇవ్వడం మంచిదా కాదా అని ఆలోచనలో పడ్డాడు. ఆలోచిస్తూ ఇంకా గట్టిగా రుద్దాడు. ఆ వైపు అద్దంలా అయింది. ఉఫ్ అని ఊది, కత్తిని తిప్పాడు.

శ్రీలంక నా వైపు చూసింది.

"ఎవురో సోంబేరి ఇల్లాలు," అన్నాడు మునుసామి, ఉప్పు కాగితం నూనెలో ముంచుతూ. "తుడవకనే మడిచి పెట్టింది, చూడు."

కాగితం మచ్చ మీద ఆనింది. నా నోటి నుంచి మాట రాలేదు. హారన్ నుంచి వచ్చింది. ఎవరో దూడ మీద కూర్చున్నట్టు ఒక అరుపు. నైటీలు బేరం చేస్తున్న ఆడవాళ్లందరూ తిరిగి చూశారు. ఒక ఆటో దారి ఇచ్చింది. ఆ పిసుకుడికి రబ్బరు బుడ్డి నా చేతిలో చీలిపోయింది.

"ఆపు," అన్నాను. "తోమొద్దు. నాకు హారన్ వద్దు. అది నా పెండ్లాము కత్తి. ఆ సోంబేరి ఇల్లాలు నా పెండ్లామే."

మునుసామి చేయి ఆగింది. నన్ను చూశాడు, సుందరమూర్తిని చూశాడు.

"ఇన్నాళ్లూ దీనికేనా నువ్వు వస్తాండేది?"

తల ఊపాను.

"ఒక్క మాట చెప్పుంటే తుడవకుండా ఎత్తిపెట్టేవాణ్ణే! మా ఊరి పట్టమ్మాళ్‌కు కొట్టంలో దొరికిందంట, నిన్న తెచ్చింది. టీ కెటిల్ ఇచ్చి మార్చుకొన్నాను. ఆమె దగ్గరికి ఎవురో ఇద్దరు పిచ్చోళ్లు వచ్చి, మేక నోరు చూసి, పేడ కెలికి, పాలు కొనుక్కోని పోయినారంట. ఆ కథ చెప్పి చెప్పి నగింది."

"అట్లాగా," అన్నాడు సుందరమూర్తి.

మునుసామి బ్లేడు మడిచాడు. లుంగీ అంచుతో పిడి తుడిచాడు. చేతికివ్వలేదు. పట్ట మీద ఖాళీ చేసి, మధ్యలో పెట్టాడు. సుందరమూర్తి జేబులో ఫోన్ మోగింది. అతడు తీయలేదు. ఇద్దరం ఒకేసారి వంగాం. తలలు గుద్దుకున్నాయి. కత్తి నా చేతికి వచ్చింది.

దానికి ఎంతని అడిగితే మునుసామి తల అడ్డంగా ఊపాడు. "హారన్ మాత్రం మీరే చీల్చినారు. అది ఎత్తుకోని పోవాల్సిందే," అన్నాడు. పెంచిన ధరకే తెచ్చుకున్నాం.

ఇంట్లో అత్త కళ్లజోడు పెట్టుకుని, అరుగు మీద నేను పెట్టిన కత్తిని తీసి తెరిచింది. తోమిన వైపు చూసి, "ఈ పక్క నా మొగమే కనబడతాది," అంది. తిప్పింది. ఆ వైపు చాలాసేపు చూసింది. బొటనవేలితో ఒకసారి తడిమింది.

ఉప్పు కాగితం ఆనిన చోట ఉత్తరపు కొన చెరిగిపోయింది. మిగిలినది పైన గుండ్రంగా, కింద లావుగా ఉంది.

"ఏందిరా ఇది, జామకాయ మాదిరి?" అంది అత్త.

మా తగవు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను హారన్ తీసి గూట్లో పెట్టే పని చూసుకున్నాను.

తర్వాతి వారం సుందరమూర్తి ఫ్యాక్టరీ నుంచి మేలు రకం ఉప్పు కాగితం తెచ్చాడు. "ఆ పక్క గూడా తోమేస్తే రెండూ ఒకటిగా ఉంటాయి గదా, బావా," అన్నాడు. చూద్దాంలే అన్నాను. కాగితం బీరువా పైన ఉంది. డబ్బాలో ఉన్న కత్తులన్నీ తోమడం అయింది. హేమ కత్తి రెండో వైపు ఇంకా తోమలేదు.