మాడిన రాగి బిందె

గోవిందమ్మ బర్రె తొక్కక తొక్కక కోడలి రాగి బిందెనే తొక్కింది. కోడలు సంధ్యారాణి పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందె అది. పలుపు ముడి సరిగ్గా వెయ్యని ఘనత అత్తగారిదే. మొన్న కోడలు పప్పు మాడిస్తే వీధి వీధంతా చాటిన నోరు కూడా ఆవిడదే. ఇప్పుడు తనకూ అదే గతి పడుతుందని గోవిందమ్మ భయం. కనిగిరి వెళ్లిన కోడలు సాయంత్రం బస్సుకు వచ్చేస్తుంది. బిందెను గోనెసంచిలో చుట్టి కంభంలో పాత్రలకు సొట్టలు తీసే గురుస్వామి దుకాణానికి పరుగెత్తింది.

గురుస్వామి సొట్టను సుత్తితో సగం లేపి, ఆగి, బిందెను కొలిమిలో పెట్టాడు.

"అయ్యో, కాలుస్తావేందన్నా!"

"కొట్టేకొద్దీ రాగి బిగుసుకుంటాది చెల్లెమ్మా. లోపలి రేణువులు నలిగిపోయి ఇంక వంగమంటాయి. ఇంకా కొడితే పగులుద్ది. సెగ తగిల్తే ఆ నలిగినచోటే కొత్తవి పుడతాయి, మళ్లా మెత్తబడుద్ది. ఈ కొలిమి ఫ్యాన్ తిప్పతా ఉండు, ఎర్రబడంగానే ఆపు" అని, మోగుతున్న ఫోనెత్తి బయటకు వెళ్లాడు.

బిందె ఎర్రబడింది. గోవిందమ్మ ఆపితేగా! మిరపచేనుకు చెప్పినదానికంటే ఓ మూత మందు ఎక్కువే కలిపే చెయ్యి అది. మెత్తబడేదేదో ఇంకాస్త మెత్తబడనీ అని ఫ్యాన్ తిప్పుతూనే ఉంది.

గురుస్వామి వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. చల్లార్చి నాలుగు దెబ్బలు వేస్తే రాగి బత్తాయి తొక్కలా గరుకుదేలింది.

"ఎక్కువ సెగకు రేణువులు ఒకదాన్నొకటి మింగి లావెక్కినాయి!"

"ఇప్పుడెట్లన్నా?" గోవిందమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

"ఎట్లేముంది? ఒళ్లంతా మళ్లా కొట్టాల, మళ్లా కాల్చాల. బాగా నలిగితేనే సన్నవి పుట్టేది."

ఈసారి ఎర్రబడగానే గోవిందమ్మ ఫ్యాన్ మీద చెయ్యి తీసేసింది. చివరి సొట్ట లేచి, చింతపండుతో తోమేసరికి బిందె తళతళలాడింది. అంతలో కనిగిరి బస్సు దిగిన సంధ్యారాణి దుకాణం ముందు నిలబడిపోయింది.

"అత్తా, మొహాన ఆ మసేంది?"

దాచడానికి బిందె కొంగులో పట్టేదా? బర్రె దగ్గర్నుంచి బత్తాయి తొక్క దాకా గోవిందమ్మ ఒక్క ఊపిరిలో కక్కేసింది. కోడలు బిందెను అటూ ఇటూ తిప్పి చూసి, చంకనెత్తుకుంది.

"బాగుంది లే అత్తా. ఎవరికీ చెప్పను."

ఆ మాటకు గోవిందమ్మ సిగ్గుతో చితికిపోయింది. ఊరి ఆటో ఎక్కాక మాత్రం, పక్కన కూర్చున్నామెను మోచేత్తో పొడిచింది.

"విన్నావా వదినా? మా కోడలు మాడ్చింది పప్పే. నేనైతే రాగినే మాడ్చినాను!"