సముద్రం ఇసుక పనికిరాదు

కాగితంలో ఉన్నవి మూడే ముక్కలు. సివిల్ క్లబ్, మైపాడు బీచ్, టీం బిల్డింగ్. కింద తండ్రి సంతకానికి ఒక గీత.

దస్తగిరి ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లుగా ఇళ్లు కట్టే బేల్దారి మేస్త్రి. చదివింది ఐదో తరగతి. ఆ చదువుతోనే కాగితాన్ని రెండుసార్లు చదివి, కూతురి వైపు చూశాడు.

"ఎన్ని అంతస్తులు?"

జానీబీకి పంతొమ్మిదేళ్లు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతోంది. సముద్రాన్ని ఫోన్లో తప్ప ఎక్కడా చూడలేదు. టీం బిల్డింగ్ అంటే నలభై మంది కలిసి తాడు లాగడం, గోనెసంచుల్లో దూకడం, ఆ తర్వాత నీళ్లలో పడి కేకలు పెట్టడం అని ఆమెకు తెలుసు. ఆటలకని చెబితే తండ్రి పంపడనీ తెలుసు. హంపికి పంపలేదు. గండికోట కూతవేటు దూరం, దానికీ పంపలేదు.

"ఒగటే నాయనా," అంది.

"ఒగటైతే పో," అని సంతకం పెట్టాడు.

బస్సు పులివెందులలో బయలుదేరి, జమ్మలమడుగు పిల్లల్ని ఎక్కించుకుని, తెల్లవారేసరికి ప్రొద్దుటూరు చేరింది. జానీబీ ఎక్కింది. ఆమె వెనకే దస్తగిరి ఎక్కాడు, భుజాన పనిముట్ల సంచితో.

"నువ్వేంది నాయనా?"

"రాత్రి ఆలోచన చేసినా. సముద్రం ఇసకలో ఉప్పుంటాది. సిమెంటు పట్టదు. ఆ సంగతి మీ సార్లకు తెలుసునో లేదో."

పిల్లల బాధ్యత చూసే లెక్చరర్ ఎబినేజర్, దస్తగిరికి ముందు సీటు ఇచ్చాడు. ఏమైనా జరిగితే నింద పంచుకోవడానికి ఇంకో పెద్దమనిషి దొరికాడని ఆయన సంతోషం. మేస్త్రి ఎందుకొచ్చాడో అడగలేదు. లెక్చరర్లు అడగరు.

జానీబీ వెనక్కి వెళ్లి, జమ్మలమడుగు స్నేహితురాలు ప్రశాంతి పక్కన కూలబడింది.

"అయిపాయ. ఆటలని తెలిస్తే బస్సు ఆపించి ఇంటికి తీస్కపోతాడు."

"గమ్మునుండు. తెలియకుండా చేద్దాం."

మాట సీటు నుంచి సీటుకు పాకింది. మైదుకూరు దాటేలోగా నలభై మందికీ తెలిసిపోయింది. పులివెందుల నుంచి పాడుకుంటూ వచ్చినవాళ్లు పాట ఆపారు. మేస్త్రి ఎలాంటివాడో ప్రొద్దుటూరు పిల్లలు చెప్పారు. ఒక గోడ విషయంలో తనకు అబద్ధం చెప్పిన సొంత తమ్ముడితో ఆయన పదేళ్లుగా మాట్లాడడు.

క్లబ్ ప్రెసిడెంటు కార్తీక్ లేచి ముందుకు నడిచాడు. పులివెందుల పిల్లవాడు. చదువు తక్కువ, ధైర్యం ఎక్కువ.

"మామా, పునాది ఎంత లోతు తీయాల?"

దస్తగిరి అతన్ని కిందికీ పైకీ చూశాడు. "మీకు పుస్తకాల్లో చెప్పల్యా?"

"చెప్పినారు. అర్థం కాలా."

ఆ జవాబు మేస్త్రికి నచ్చింది. ఆయనను అలా ఎవరూ అడగక ఎన్నేళ్లయిందో. బద్వేలు దాకా పునాది గురించి చెప్పాడు. అక్కడి నుంచి నెల్లూరు దాకా ఇంజనీర్లను తిట్టాడు. వెనక సీట్లలో వాళ్లు నోటికి టవళ్లు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఒక అమ్మాయికి నవ్వు ఆగక ఎక్కిళ్లు పట్టుకున్నాయి. మేస్త్రి తన సీసాలోని నీళ్లు వెనక్కి పంపించాడు. అది చూసి ఇంకో ఇద్దరికి ఎక్కిళ్లు మొదలయ్యాయి.

మైపాడులో ఆటల మాస్టరు కాచుకుని ఉన్నాడు. పసుపు టీషర్టు, మెడలో ఈల, చేతిలో మైకు. అతని ముందు ఒక పెద్ద తాడు, గోనెసంచులు, తట్టలు, బకెట్లు, బెలూన్ల మూట.

దస్తగిరి ఆ సామాను చుట్టూ తిరిగాడు.

"తాడెందుకు?"

"పునాది కొలతకు మామా," అన్నాడు కార్తీక్.

"సంచులు?"

"ఇసక మొయ్యనీకి."

మేస్త్రి ఒక బెలూను తీసి వేళ్ల మధ్య సాగదీశాడు. కార్తీక్ ప్రశాంతి వైపు చూశాడు.

"భూమిపూజకు మామా," అంది ప్రశాంతి. ఆమె వాళ్ల నాయన జమ్మలమడుగు చర్చిలో సంఘపెద్ద.

మేస్త్రి తల ఊపాడు. కార్తీక్ ఆటల మాస్టరును పక్కకు లాక్కుపోయి, ముందు కాసేపు బిల్డింగ్ కట్టనివ్వమని బతిమాలాడు. ఇసుక గూళ్ల పోటీ తన పట్టికలో మూడున్నరకు ఉందని, ముందుకు జరపడానికి అభ్యంతరం లేదని మాస్టరు అన్నాడు. పాపం, అతనికి అర్థమైంది అంతే.

దస్తగిరి నలభై మందినీ వరసగా నిలబెట్టాడు. ఇసుకను గుప్పిట పట్టి నలిపి, నాలుకకు అంటించుకుని ఉమ్మేశాడు.

"నేను చెప్పలా. పనికిరాదు. సిమెంటు జోలికి పోవద్దు. తడి ఇసకతోనే మోడల్ కట్టి చూపిస్తా. ఒళ్లు వంచండి."

పులివెందుల వాళ్లు తవ్వకం తమకే వచ్చన్నారు. పెన్నలో పుట్టి పెరిగామని, ఇసుక సంగతి తమకే తెలుసని జమ్మలమడుగు వాళ్లు అన్నారు. ప్రొద్దుటూరు వాళ్లు ఒక్క తట్ట కూడా ఎత్తకుండా, ముందు గదిలో బంగారం అంగడి పెట్టాలని, వాకిలి తూర్పుకా ఉత్తరానికా అని వాదులాడుకున్నారు. మేస్త్రి అందరినీ తిట్టాడు. గోడ వరస సరిచూసే నూలుదారం కొస ఎబినేజర్ సార్ చేతికి ఇచ్చి నిలబెట్టాడు.

"సడలనీయద్దు సార్."

ఎబినేజర్ సార్ ఎండలో అలాగే నిలబడ్డాడు. ఆయన ఏదైనా పట్టుకోమంటే పట్టుకునే రకం.

జానీబీ మోకాళ్ల మీద కూర్చుని ఇసుకను అరచేతులతో తట్టి గట్టి చేసింది. ముప్పై అడుగుల దూరంలో సముద్రం. ఒక్కసారైనా తల తిప్పలేదు. తిప్పితే తన ముఖం తండ్రికి కనబడుతుందని భయం.

గోడ నడుము ఎత్తు లేచింది. అప్పుడు ఆటల మాస్టరుకు టైం గుర్తొచ్చింది. ఈల ఊది, మైకు నోటికి పెట్టుకున్నాడు.

"ఇక చాలండీ. పెద్దాయన కూడా వినాలి. టీం బిల్డింగ్ అంటే బిల్డింగ్ కట్టడం కాదండీ. అందరూ కలిసి ఆడుకోవడం, అంతేనండీ. మనం ఇక్కడికొచ్చిందే ఆటలకి."

తట్టలు ఎక్కడివక్కడ ఆగాయి. ఎక్కిళ్ల అమ్మాయికి ఎక్కిళ్లు ఆగాయి.

దస్తగిరి తాపీని గోడ మీద పెట్టాడు.

"నీకు తెలుసునా?"

"తెలుసు నాయనా," అంది జానీబీ.

"ఎప్పుడు?"

"నువ్వు సంతకం పెట్టేటప్పుడే."

"నీ సంచి తెచ్చుకో. నెల్లూరికి ఆటోలుంటాయి."

జానీబీ ఏడవలేదు. సరుగుడు చెట్టు కింద ఉన్న సంచి దగ్గరికి నడిచింది. దస్తగిరి తాపీ తీసుకున్నాడు. చేతులు దులుపుకుని, పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. పోయే ముందు, అలవాటు కొద్దీ, గోడ మూల దగ్గర, నిలువు సరిచూసే ఇత్తడి గుండు వేలాడదీసి చూశాడు. మూల వేలెడు పక్కకు ఒరిగింది.

"ఇదెవురు కట్టింది?"

"నేను మామా," అన్నాడు కార్తీక్.

"నిన్ను ప్రెసిడెంటు చేసినోళ్లను తన్నాల. ఇది సరి చేసి పోతా. దీన్ని చూసి ఇది దస్తగిరి పనంటే నేను ఊర్లో తలెత్తుకోవల్లనా వద్దా."

పనిముట్ల సంచి మేస్త్రి భుజం మీది నుంచి దిగింది. నలభై మంది అది చూశారు. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. చేయనక్కరలేకపోయింది.

మూల సరి కాగానే ప్రశాంతి అడిగింది. "మామా, మెట్లు లేవు. పైకెట్ల పోతారు?"

మేస్త్రి మెట్లు కట్టించాడు.

"ఇంగ పోదాం," అన్నాడు.

"పిట్టగోడ లేదు మామా. చిన్నపిల్లోళ్లు పడిపోతారు."

పిట్టగోడ కట్టించాడు. పులివెందుల వాళ్లకు తమకంటూ వేరే గది కావాలి. జమ్మలమడుగు వాళ్లు వంటిల్లు ఎక్కడని అడిగారు. ప్రొద్దుటూరు వాళ్లు అంగడికి షట్టరు లేకపోతే బంగారం ఎవరు కాస్తారని నిలదీశారు. బాత్రూం మరిచిపోయారని ఎబినేజర్ సార్ దారం పట్టుకునే అరిచాడు. మొదటిసారి ఆయనకు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆటల మాస్టరు పసుపు టీషర్టు విప్పి ఇసుక మోయడం మొదలుపెట్టాడు. రెండు తట్టలకే రొప్పాడు.

"అలవాటు లేదండీ."

"అగుపడతాంది," అన్నాడు మేస్త్రి.

మధ్యాహ్నమైంది. మే నెల ఎండకు ఇసుక ఆరి, మెట్ల అంచులు పొడిగా రాలుతున్నాయి. మేస్త్రి వేలితో తాకి చూశాడు.

"నీళ్లు చాలవు," అన్నాడు.

కార్తీక్ బకెట్ అందుకున్నాడు.

"నువ్వు మూల చూసుకో. నీకు అదే రాలా." మేస్త్రి సరుగుడు చెట్టు వైపు తిరగకుండానే గొంతు పెంచాడు. "ఏమ్మే, ఆడ ఊరికే నిలబడినామె. నీళ్లు తే."

జానీబీ సంచి దించింది. బకెట్ తీసుకుని అంచుకు వెళ్లింది. అల వచ్చి పాదాల మీదుగా పోయింది. ఆమె అక్కడే ఆగిపోయింది. కాసేపటికి వంగి బకెట్ ముంచి తెచ్చింది.

మేస్త్రి బకెట్‌లోకి చూశాడు. "సగం ఇసకే. అంచున ముంచితే ఇట్లే వస్తాది. లోపలికి పో."

ఈసారి మోకాళ్ల దాకా పోయింది. తెచ్చింది. మేస్త్రి మళ్లీ చూశాడు.

"తేటగా లేవు. ఇంగా లోపలికి. నడుము దాటొద్దు."

ఎబినేజర్ సార్ దారం వదిలేసి, ప్యాంటు మడిచి, ఆమెకు కాపలాగా నీళ్లలోకి దిగాడు. జానీబీ నడుము లోతులో నిలబడింది. పెద్ద అల వచ్చి ఆమెను బకెట్‌తో సహా ఎత్తి, ఎబినేజర్ సార్ మీద పడేసింది. ఇద్దరూ మునిగి లేచారు. ఆమె పెట్టిన కేక ఒడ్డు దాకా వినబడింది. ఆ తర్వాత నవ్వు. నలభై మందీ మేస్త్రి ముఖం చూశారు.

ఆయన సముద్రానికి వీపు పెట్టి మెట్టు నునుపు చేస్తున్నాడు.

జానీబీ తడిసి ముద్దై, జుట్టు నుంచి నీళ్లు కారుతూ, పావు బకెట్ నీళ్లతో వచ్చింది. మేస్త్రి ఆమె ముఖం చూడలేదు. ఆ నీళ్లు మెట్ల మీద పోశాడు.

"ఇంటికి పోయినాక నీ సంగతుంది."

"సరే నాయనా."

"ఇంగొకటి తే."

తెచ్చింది. పోశాడు. ఇంకొకటి. ప్రశాంతి సాయానికి రెండో బకెట్ అందుకుంటే మేస్త్రి లాక్కున్నాడు. "నిన్ను పిల్చలా. ఆయమ్మి తెస్తాది."

మెట్లు జారాయి. పిట్టగోడ కూలింది. బంగారం అంగడి షట్టరు కరిగి ఇసుకలో కలిసిపోయింది.

"నీళ్లు ఎక్కువైపోయాయండీ," అన్నాడు ఆటల మాస్టరు. "మొత్తం పడిపోయేలా ఉంది."

"నీ పని ఈల ఊదడం. ఊదుకో," అని మేస్త్రి ఖాళీ బకెట్ కూతురికి అందించాడు.

జానీబీ అప్పటికే పరుగెత్తుతోంది.