డ్రై అంటే ఆరిందనా, ఆరబెట్టమనా?

హోటల్ లాండ్రీలో పొద్దుటి షిఫ్టు పెద్దకోడలిది, మధ్యాహ్నం షిఫ్టు వారం కిందటే చేరిన చిన్నకోడలిది. ఒకరు పని దిగేసరికి ఇంకొకరు ఇంకా బస్సులోనే ఉంటారు. అందుకని చెప్పాల్సిన సంగతేదైనా, మూతలున్న చక్రాల బుట్టలకు తగిలించే అచ్చు చీటీలే చెప్పాలి. ఆ రోజు నాలుగు బుట్టలకు 'డ్రై' అన్న చీటీ వేలాడుతోంది. చిన్నకోడలు మూతైనా తీయకుండా నాలుగింటినీ లిఫ్టెక్కించి పైఅంతస్తుకు పంపేసింది.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"తువ్వాళ్ళు పంపావా, చేపలు పంపావా? నీళ్ళోడుతున్నాయి!" అంది పైన గదులు సర్దే ఆవిడ. సూపర్‌వైజర్ చిన్నకోడలికి తల వాచేలా చీవాట్లు పెట్టాడు.

ఆమె ఇల్లు చేరేసరికి వంటింట్లో అత్తగారు బఠానీలు ఒలుస్తున్నారు, పెద్దకోడలు పాలు కాస్తోంది.

"అక్కా, తడి తువ్వాళ్ళకి డ్రై అని ఎందుకు తగిలించావు?"

"తడిగా ఉన్నాయనే కదా తగిలించా! ఆరబెట్టమని."

"ఆరిపోయాయని అనుకున్నా నేను!"

అత్తగారు ముప్పై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. వ్యాకరణం మాట వినబడితే ఆవిడకు ప్రాణం లేచొస్తుంది. బఠానీల గిన్నె పక్కకు నెట్టారు.

"ముందు 'వెరీ' చేర్చి చూడండి. 'వెరీ డ్రై టవల్స్'. నప్పిందా? అయితే అవి ఎలా ఉన్నాయో చెబుతోంది, విశేషణం. ఇప్పుడు 'డ్రై ది టవల్స్'. దీనికీ వెరీ తగిలించు."

"వెరీ డ్రై ది టవల్స్... ఛీ, అతకలేదు అత్తయ్యా," అంది చిన్నకోడలు.

"అది పని చెప్పే మాట, క్రియ. ఆ పని నిన్నే చేసేశామంటే 'డ్రైడ్' అవుతుంది."

"మరి చీటీ మీద ఒక్క మాటే ఉంటే?"

"వెనకా ముందూ ఏమీ లేకపోతే బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు."

చిన్నకోడలికి ఓ తెలుగు మాట తట్టింది. "మనకీ ఉందిగా ఇలాంటిది! ఆరు తువ్వాళ్ళూ ఆరాయి."

పెద్దకోడలు పకపకా నవ్వింది. చీవాట్ల సంగతి చిన్నకోడలు అప్పుడే మరిచిపోయింది. ఆమె క్లీన్, ఓపెన్, ఎంప్టీ అంటూ గుర్తొచ్చిన మాటకల్లా పరీక్ష పెట్టింది. అన్నీ రెండు పనులూ చేస్తున్నాయి. ఇంతలో పొయ్యి మీద పాలు పొంగొచ్చాయి.

"వార్మ్ ది మిల్క్ అనొచ్చా అత్తయ్యా?"

"అనొచ్చు."

"హాట్ ది మిల్క్?"

"తప్పు. హీట్ అనాలి."

"కూల్ ది మిల్క్?"

"ఒప్పే."

"కోల్డ్ ది మిల్క్?"

"తప్పమ్మా."

"అదేంటి! వెచ్చనిదీ చల్లనిదీ పనిలోకి దిగుతాయి, కాలిపోయేదీ గడ్డకట్టేదీ దిగవా? ఎందుకని?"

అత్తగారు బఠానీల గిన్నె మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. "ముప్పై ఏళ్ళలో ఒక్కరూ అడగలేదే ఈ మాట. నాకూ తెలీదు," అన్నారు.

మర్నాడు పెద్దకోడలు తడి బుట్టల చీటీల మీద 'డ్రై'కి ముందు 'ప్లీజ్' అని పెన్నుతో రాసింది. ఆరినవాటి మీద 'వెరీ' అని రాసింది. సూపర్‌వైజర్ 'వెరీ డ్రై' అని పైకే చదివి, నవ్వాపుకోలేక, "సరే, ఉండనీ" అనేసి వెళ్ళిపోయాడు. ఆ తరవాత పైఅంతస్తు నుంచి ఫోను రాలేదు.

సాయంత్రం చిన్నకోడలు చెప్పులు విప్పుతుంటే, అత్తగారు తనతో పనిచేసిన పాత మాస్టారితో ఫోన్లో వాదిస్తున్నారు. కోడల్ని చూసి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"హాట్, కోల్డ్ ఎందుకు పనిలోకి దిగవో ఈయనకీ తెలీదట. ఇంకో ఇద్దరున్నారు, వాళ్ళకీ ఫోన్ చేస్తా ఉండు."