వాసన పట్టే నాన్న

పొడుగోడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని "నమస్తే అంకుల్" అన్నాడు. పక్కనున్న బుడ్డోడు ఆ మాత్రం కూడా అనలేదు. పెదాలు బిగించి తల ఊపాడంతే. ఇద్దరూ పెయింటర్ కొడుకు క్లాసువాళ్లే, పదో తరగతి. వాడు ట్యూషన్లో మర్చిపోయిన లెక్కల పుస్తకం ఇచ్చిపోదామని కార్ల పెయింటింగ్ షెడ్డుకి వచ్చారు.

పెయింటర్ స్ప్రే గన్ పక్కన పెట్టి, మాస్కు కిందికి లాగి, నవ్వుతూ ముందుకొచ్చాడు. పిల్లలిద్దరూ వెనక్కి జరిగారు. ఆయన ఇంకాస్త ముందుకొచ్చాడు. వాళ్లు ఇంకాస్త వెనక్కి జరిగారు. చివరికి బుడ్డోడి వీపు, ప్రైమర్ ఇంకా ఆరని కారు డోరుకి అంటుకుంది. చొక్కా వెనక బూడిదరంగు పట్టీ పడింది. అయినా వాడు కిక్కురుమనలేదు.

"ఏరా, నేనేమైనా కొరుకుతానా?" అన్నాడాయన.

పిల్లలతో సరదాగా ఉంటానని ఆయనకి పెద్ద పేరు. పేరు పెట్టింది కూడా ఆయనే. "మా ఇంట్లో నేను నాన్నని కాదండీ, ఫ్రెండ్‌ని" అని బంపరు సొట్ట తీయించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ, అడిగినా అడక్కపోయినా చెబుతాడు. ఆ రోజూ అంతే. పక్క కొట్టు నుంచి కూల్‌డ్రింకులు తెప్పించాడు. చిన్నప్పుడు తను స్కూలు గోడ దూకి సినిమాకి పోయిన కథ చెప్పాడు. "మా వాడు ఏం చేసినా నేను ఏమీ అనను. కావాలంటే వాణ్ణే అడగండి!" అని పొడుగోడి భుజం తట్టాడు.

పొడుగోడు, బుడ్డోడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ చూపు ఆయన కంట్లో పడింది. రెండు తెలుపుల మధ్య తేడా పట్టే కన్ను అది. ముక్కు మాత్రం ఎందుకూ పనికిరాదు. కుర్రతనంలో మాస్కు పెట్టుకోవడం నామోషీ అనుకుని ఏళ్ల తరబడి పీల్చిన థిన్నర్ దాన్ని ఎప్పుడో చంపేసింది. ఇంట్లో పాలు విరిగినా, గ్యాస్ లీకైనా భార్య చెప్పాల్సిందే. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికి తప్ప బయటివాళ్లకి తెలియదు. మంటలంటుకునే డబ్బాల మధ్య పనిచేసేవాడికి వాసనే తెలియదంటే కారు ఎవరిస్తారని ఆయన భయం.

సాయంత్రం ఇంటికెళ్లి భార్యతో అన్నాడు: "ఆ పిల్లలు నన్ను చూసి నోరు మూసుకుంటున్నారేంటి?"

బేకరీలో పొద్దస్తమానం నిలబడి వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుందావిడ. "తెరిస్తే మీ జోకులకి నవ్వాల్సొస్తుందని."

"వేళాకోళం కాదు. తాగుతున్నారేమో అని నా అనుమానం. వాళ్లతో తిరిగేది ఎవరు? మనవాడేగా!"

ఆవిడ కాళ్లు ముడుచుకుంది. ఆయన గొంతు తగ్గించాడు. "వాడు పడుకున్నాక ఓసారి నోటి దగ్గర వాసన చూడవే. నాకెలాగూ తెలిసి చావదు."

"నేను చూడను. నిద్రపోయే పిల్లాడి మూతి దగ్గర దొంగలా ముక్కు పెట్టే పని నా వల్ల కాదు. అనుమానం మీది. అడగాల్సింది మీరు."

అడగడం ఎలా? ఫ్రెండ్స్ అలాంటివి అడుగుతారా? అందుకని పెద్దమనిషి అడగడం మానేసి నిఘా మొదలుపెట్టాడు. అనుమానంతో చూసేవాడికి అన్నీ అనుమానంగానే కనబడతాయి. కొడుకు ట్యూషన్ నుంచి రాగానే పలకరింపు లేకుండా బాత్రూంలోకి పోతున్నాడు. చాలాసేపు నీళ్ల చప్పుడు. బయటికొస్తే కళ్ల చుట్టూ ఎరుపు. దండెం మీది ప్యాంటు జేబు తడిమితే చూయింగ్ గమ్ ప్యాకెట్లు, ఒకటి కాదు, గుప్పెడు. ఓ రోజు మెట్ల మీద కూర్చుని ఫోన్లో గుసగుసగా అంటున్నాడు: "మా నాన్న సంగతి నీకు తెలీదురా. పసిగట్టాడంటే చంపేస్తాడు."

తలుపు వెనక పెయింటర్ నోరెళ్లబెట్టాడు. కొడుకు మీద ఈనాటివరకూ చెయ్యెత్తి ఎరగడు. పసిగట్టడానికి ఏదో ఉందన్నమాట. లేకపోతే ఆ మాటెందుకు వస్తుంది?

మర్నాడు పొడుగోడి తండ్రి కారేసుకుని వచ్చాడు. బజారులో కళ్లజోళ్ల షాపు ఆయనది. బంపరు మీద గీత చూపించి, పని సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, పెయింటర్‌ని ఎగాదిగా చూశాడు.

"పిల్లల్ని పెంచడం మీ దగ్గర నేర్చుకోవాలండీ. అబ్బాయి రాగానే గుమ్మంలో నిలబెట్టి నోరు తెరిపిస్తారటగా! పొద్దున తాగిన బీరు రాత్రికి కూడా పట్టేస్తారట. బెల్టయితే గుమ్మం పక్కనే మేకు కొట్టి వేలాడదీశారట. మా వాడు చెబుతుంటే నాకే భయమేసింది!" పకపకా నవ్వాడు. "నేనలా కాదు లెండి. మా డాబా మీద గది పూర్తిగా వాడికే ఇచ్చేశాను. నేను పైకే వెళ్లను. ఫ్రెండ్‌లా ఉంటాను."

పెయింటర్‌కి తల తీసేసినట్టయింది. బెల్టా! జన్మలో బెల్టు పెట్టుకుని ఎరగడు. బక్కిల్ తగిలితే కొత్త పెయింటు మీద గీత పడుతుందని ఈ పనివాళ్లెవరూ పెట్టుకోరు. ఆ సాయంత్రం సిల్వర్ రంగు కలపబోతే ఎంతకీ కుదరలేదు. పారబోసి మళ్లీ కలిపాడు, అదీ కుదరలేదు. తన కొడుకు తన గురించి ఊళ్లో రాక్షసుడని ప్రచారం చేస్తున్నాడు. ఎందుకు? ఇంతింత అబద్ధాలు అల్లేవాడి దగ్గర దాచుకోవాల్సిందేదో ఉండాలి. ఆయనకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ కలిసి షెడ్డుకి తాళమేయించి ఇంటికి తరిమాయి.

కొడుకు బాత్రూంలో ఉన్నాడు. వాడి బ్యాగు మంచం మీద బోర్లించాడు. పుస్తకాలు, చార్జరు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్, మళ్లీ ఆ గమ్. జిప్పులన్నీ తీశాడు. అడుగున అట్ట ఎత్తి చూస్తుండగా వెనక నుంచి గొంతు వినబడింది.

"ఏమైనా దొరికిందా నాన్నా?"

వాడి మొహం నీళ్లు కారుతోంది. పెయింటర్ ఆ అట్ట మళ్లీ బ్యాగులో దోపాడు. అంతలో బెల్టు గుర్తొచ్చింది. "నేను నిన్ను ఎప్పుడైనా కొట్టానురా?"

"లేదు."

"నోరు తెరిపించానా?"

"లేదు. అదే నా ఖర్మ."

"ఏంటీ?"

వాడు మంచం అంచున కూర్చున్నాడు. మొదలుపెట్టాక ఆగలేదు. "ట్యూషన్ అయ్యాక అందరూ పొడుగోడి డాబా గదికి పోతారు. సీసా తిరుగుతుంది. ఈ మధ్య వాడి బావెవడో మత్తు మాత్రలు కూడా తెస్తున్నాడు. వద్దంటే వదలరు నాన్నా. ఒంట్లో బాలేదంటే నవ్వుతారు. బుడ్డోడు భయమేస్తోందన్నాడని క్లాసంతా వాణ్ణి ఏడిపించారు. ఇప్పుడు వాడూ తాగుతున్నాడు. నాతో ఏమన్నారో తెలుసా? 'మీ నాన్న ఫ్రెండ్ లాంటోడు కదరా, ఏమీ అనడు కదరా, నీకేం నొప్పి?' అన్నారు. నువ్వే కదా ఊరంతా చెప్పుకున్నావ్! నాకింక చెప్పడానికి ఏం మిగిలింది?"

పెయింటర్ చేతిలో బ్యాగు అలాగే ఉంది.

"అందుకే నిన్ను మార్చేశాను. మా నాన్న బయటికలా నవ్వుతాడు గానీ ఇంట్లో పులి అన్నాను. కుక్కలా వాసన పడతాడు, పట్టాడంటే చంపేస్తాడు అన్నాను. అప్పుడు వదిలేశారు."

"వాసనా? నేనా?"

వాడికి నవ్వొచ్చింది, ఆయనకీ వచ్చింది. ఇద్దరూ ఆపుకున్నారు.

"వాళ్లకి తెలీదుగా. ఈ గమ్ కూడా వాళ్లకే. మన షెడ్డు ముందు నుంచి పోవాలంటే భయపడి నా దగ్గర అడిగి తీసుకుంటారు. అంతా బాగానే ఉండేది. మొన్న నువ్వు కూల్‌డ్రింకులు తాగించి, మా వాణ్ణి ఏమీ అననని చెప్పి నా కొంప ముంచావ్. అప్పట్నుంచి రోజూ ఏడిపిస్తున్నారు. శనివారం పొడుగోడి పుట్టినరోజు. ఆ రోజు ఎలా తాగవో చూస్తామన్నారు."

"వెళ్లకు."

"సోమవారం క్లాసుకి వెళ్లాలిగా. నువ్వే రా నాన్నా. పార్టీ మధ్యలో వచ్చి, అందరి ముందూ నా నోరు వాసన చూడు. గట్టిగా తిట్టి తీసుకుపో. కళ్లజోళ్ల అంకుల్‌కి చెబితే ఆ తర్వాత చెప్పు. ముందు నన్ను బయటపడెయ్."

సరేనన్నాడు. సరే అనడం తేలికే. ఆ నాలుగు రోజులూ అనుమానం పురుగులా తొలిచింది. ఊరందరికీ ఇంత చక్కని అబద్ధం నమ్మించినవాడు తనకి మాత్రం నిజమే చెప్పాడని ఏంటి నమ్మకం? పైగా ఈ ముక్కు పనిచేయదని అందరికంటే బాగా తెలిసింది వాడికే. కడుపునిండా తాగి ఎదురుగా నిలబడినా, వాసన లేదని సర్టిఫికెట్ ఇచ్చే తండ్రి ఇంకెవరికి దొరుకుతాడు? ఎరుపెక్కిన కళ్ల గురించి వాడేమీ చెప్పలేదు. ఈయనా అడగలేదు.

భార్యకి చెబితే అంతా విని, "నేనూ రానా?" అంది.

"వద్దు. వాడు నన్ను రమ్మన్నాడు."

శనివారం వీధి దీపాలు వెలిగే వేళకి పక్క షాపాయన దగ్గర బెల్టు అరువు తెచ్చుకుని, చేతికి చుట్టుకుని, స్కూటర్ మీద బయల్దేరాడు. కళ్లజోళ్ల ఆయన ఇంట్లో కింద దీపం లేదు. పైన పాటలు మోగుతున్నాయి. గేటు దగ్గర నిలబడి కొడుకుని పిలిచాడు. ఆ పిలుపు ఎంత మర్యాదగా వచ్చిందంటే, కారు రెడీ అయింది తీసుకెళ్లండి అని కస్టమర్‌కి చెప్పినట్టుంది. సిగ్గేసింది. గొంతు సవరించుకుని ఈసారి అరిచాడు.

"ఒరేయ్! దిగు కిందకి!"

పాట ఆగింది. మెట్ల మీద చెప్పుల చప్పుళ్లు. కొడుకు ముందు, వెనక పొడుగోడు, బుడ్డోడు, ఇంకో నలుగురు. కొందరి అడుగులు తూలుతున్నాయి. ఆ తూలే అడుగులు చూడగానే నటించాల్సిన పని లేకుండా కోపం వచ్చేసింది. వాళ్ల మీద, ఆ చీకటి ఇంటి మీద, అన్నిటికంటే ఎక్కువ తన మీద.

"నోరు తెరు!"

కొడుకు తెరిచాడు. పెయింటర్ వాడి గడ్డం పట్టుకుని, మొహంలో మొహం పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు. పిల్లలందరూ ఊపిరి బిగబట్టారు. వాడి ఊపిరి వెచ్చగా పైపెదవికి తగిలింది. అంతే. ఇంకేమీ లేదు. ఇంకోసారి పీల్చాడు. ఇన్నేళ్ల బతుకులో ఆ ముక్కు కోసం అంత బాధపడింది అప్పుడే. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాడి కింది పెదవి వణుకుతోంది. అది నటనో, భయమో, ఇంకేదో, ఇంత పదునైన కన్నుండి కూడా తేల్చుకోలేకపోయాడు.

పొడుగోడు రెప్పవాల్చకుండా చూస్తున్నాడు.

"బతికిపోయావ్. ఎక్కు బండి!" అన్నాడు బెల్టు గేటుకేసి కొట్టి.

కొడుకు తల దించుకుని స్కూటర్ వైపు నడిచాడు. గేటు దాకా వచ్చిన బుడ్డోడు నోటి మీది చెయ్యి తీశాడు. ఎవరికీ వినబడకుండా, "అంకుల్, నన్ను కూడా చూస్తారా? ఇవాళ కాదు. రేపట్నుంచి" అన్నాడు.

పెయింటర్ బెల్టు మళ్లీ చేతికి చుట్టుకున్నాడు. పైమెట్టు మీదున్నవాడికి కూడా వినబడేలా కేకేశాడు. "నిన్ను కూడా వదలనురోయ్! రోజూ ట్యూషన్ అవగానే షెడ్డు దగ్గర ఆగి నోరు చూపించి పోవాలి. ఆగకపోయావో, మీ ఇంటికొస్తా!"

"అబ్బా, అంకుల్!" అని బుడ్డోడు అందరూ వినేలా విసుక్కున్నాడు. మొహం మాత్రం బరువు దించుకున్నవాడిలా ఉంది.

ఇంటి మలుపులో కొడుకు, "బెల్టెవరిది?" అన్నాడు. "పక్క షాపాయనది. ప్యాంటు జారిపోతోందట, తొందరగా ఇచ్చేయమన్నాడు." వాడు వీపుకి తల ఆనించి నవ్వాడు. ఆ నవ్వు మామూలుగానే ఉందా, కాస్త ఎక్కువగా ఉందా అని ఈయన బండి నడుపుతూనే లెక్కలేసుకున్నాడు. రేపు కళ్లజోళ్ల ఆయనతో ఆ మాత్రల సంగతి ఎలా ఎత్తాలా అని కూడా ఆలోచించాడు.

భార్య తలుపు తీసి గుమ్మంలోనే నిలబడింది. కొడుకు ఎదురుగా ఆగాడు. ఆ ఇంట్లో ముక్కు పనిచేసే మనిషి ఆవిడే. ఓ మాట అడిగితే చాలు, ఇన్నాళ్లుగా తొలుస్తున్న పురుగు ఈ గుమ్మంలోనే చస్తుంది. ఆవిడ భర్త వైపు చూసింది. మొన్న ససేమిరా అన్న మనిషి, ఆయన మొహం చూసి జాలిపడినట్టుంది.

"నన్ను చూడమంటారా?" అంది.

కొడుకు వెనక్కి జరగలేదు. పక్కకి తప్పుకోలేదు. అమ్మ వైపు కాదు, నాన్న వైపు తిరిగి నిలబడ్డాడు.

పెయింటర్ చెప్పులు విడుస్తూ అన్నాడు: "అక్కర్లేదు. నేను చూశాగా."