నురగ పారబోసిన తమ్ముడు

పదిహేనేళ్లుగా ఆ లాండ్రీని అక్కాతమ్ముళ్లిద్దరే నడుపుతున్నారు. తమ్ముడిది ఉతుకు, అక్కది ఇస్త్రీ. ఆఖరి జాడింపులో ఒక్క బుడగ కనిపించినా బట్టను మళ్లీ నీళ్లలో ముంచే మొండిఘటం తమ్ముడు. ఒంటి విషయంలో మాత్రం ఆ పట్టింపు లేదు. ఏడాదిగా నడుంనొప్పిని మాత్రలతో తొక్కిపెట్టుకుంటూ వచ్చాడు.

కాళ్లు వాచాక అక్కే ఆసుపత్రికి ఈడ్చుకుపోయింది. రక్త పరీక్షలు చూసిన డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఎముకల మూలుగలో ఒక రకం కణాలు అదుపు తప్పి, పనికిరాని యాంటీబాడీ ప్రొటీన్‌ను కుప్పలుగా తయారుచేస్తున్నట్టున్నాయట. అదే కిడ్నీలకు అడ్డంపడి పాడుచేస్తోందని ఆమె అనుమానం. బహుశా రక్త క్యాన్సరే. ఒక రోజు మూత్రమంతా డబ్బాలో పట్టి తెస్తే ఎంత ప్రొటీన్ పోతోందో తెలుస్తుంది, ఈ వారంలోనే మందు మొదలుపెడితే కిడ్నీలు దక్కవచ్చు, ఆలస్యమైతే డయాలసిస్ తప్పదు అంది.

మూడోనాడు డబ్బా తీసుకెళ్లి ఇస్తే, ఒక రోజుది ఇంతేనా, చెల్లదు పొమ్మన్నారు ల్యాబువాళ్లు. అక్క నిలదీసింది. తమ్ముడు నేలచూపులు చూశాడు.

"నురగొచ్చినప్పుడల్లా పారబోశానక్కా. అంత నురగతో ఎలా ఇస్తాం? కాస్త శుభ్రంగా ఉన్నదే పట్టాను."

అక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ నురగంతా ప్రొటీనే. అసలు దొంగను వదిలేసి వచ్చాడు మహానుభావుడు. ఉన్నదే ఒక్క వారం, అందులో మూడు రోజులు గంగలో కలిశాయి. హోటలు దుప్పట్లు గుట్టపడి ఉన్నా, షట్టరు దించేసింది.

"ఆ నురగే కావాల్రా వాళ్లకి. ఒక్క చుక్క బయట పడిందో, నీ సంగతి చెప్తా."

బాత్రూము తలుపు ముందు కుర్చీ వేసుకుని రోజంతా కూర్చుంది. తమ్ముడు సిగ్గుతో చచ్చిపోయాడు. ఆమెకూ లోపల భయంగానే ఉంది, అయినా కదల్లేదు. ఈసారి లెక్క తేలింది. మూలుగ పరీక్షా అదే మాట చెప్పింది. ఆ వారం దాటకుండానే మొదటి ఇంజక్షన్ పడింది.

వాంతులు, నీరసం, రాలిన జుట్టు. వారం వారం అక్కే వెంటబెట్టుకుని తీసుకెళ్లింది, ఒక్క వారమూ తప్పనివ్వలేదు.

నాలుగో నెలలో మళ్లీ డబ్బా ఇచ్చారు. ఈసారి ఆమె కాపలా కాయలేదు. మర్నాడు తమ్ముడు నిండు డబ్బా తెచ్చి ముందు పెట్టాడు.

"నురగ పారబొయ్యలేదు కదా?"

"పారబొయ్యడానికి ఉంటేగా అక్కా."

ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, డబ్బా మూత తీసి, ఆఖరి జాడింపు నీళ్లు చూసినట్టు చూసింది. ఒక్క బుడగా లేదు. అన్ని నెలల్లో మొదటిసారి, అప్పుడు ఏడ్చింది.